డమ్మీ ప్లగ్‌ల కిట్: హ్యాండిల్ ఉంచుకున్నాను, ట్యూబ్ పారేశాను

ఇంజిన్ బ్లాక్‌లో కోర్ ప్లగ్‌లు (వీటినే డమ్మీ ప్లగ్‌లంటారు) దిగ్గొట్టడానికి అమ్మే కిట్ ఒకటి తెప్పించి, నాన్న పాత కారు ఇంజిన్ మీద వాడాను. పోత ఇనుము బ్లాక్, నాలుగు సిలిండర్లు. పిస్టన్ల దగ్గర్నుంచి మొత్తం విప్పేసి ఇంట్లోనే మళ్లీ కడుతున్న ఇంజిన్ అది. కిట్ డబ్బాలో ఒక ఉక్కు హ్యాండిల్, అటూ ఇటూ వంగే జాయింట్ ఒకటి, రకరకాల సైజుల గుండ్రటి డిస్కులు, ఇత్తడి ప్లగ్‌ల సెట్, చిన్న సిలికాన్ ట్యూబ్, ఒక కాగితం ఉన్నాయి. వీటిలో కొన్ని చాలా బాగున్నాయి. కొన్ని డబ్బా నింపడానికి పడేసినవి. అన్నీ కలిపి ఒకే రేటింగ్ ఇస్తే కొనేవాళ్లకు ఏమీ తెలియదు కాబట్టి విడివిడిగా చెబుతాను.

మెషీన్ షాప్ నుంచి వచ్చిన పార్టుల కొలతలు సరిచూడటం నా ఉద్యోగం. ఏది కొన్నా ముందు వెర్నియర్ తీసి కొలిచే అలవాటు అలా పట్టుకుంది. మా ఇంట్లో వాళ్లకు ఇదో నవ్వులాట.

అసలు బ్లాక్‌కు ఈ గుండ్రటి రంధ్రాలు ఎందుకున్నాయో తెలిస్తే మిగతా పని సులువుగా అర్థమవుతుంది. బ్లాక్‌ను పోత పోసేటప్పుడు సిలిండర్ల చుట్టూ నీళ్లు తిరిగే ఖాళీ రావాలంటే అక్కడ ఇసుకతో చేసిన కోర్ పెడతారు. దాన్ని అచ్చులో నిలబెట్టడానికి, పోత చల్లారాక ఆ ఇసుకను దులిపి బయటికి తీయడానికి బ్లాక్ గోడల్లో కంతలు ఉండాలి. తర్వాత ఆ కంతల్ని బోర్ చేసి నునుపు చేసి, రేకు గిన్నెలాంటి ప్లగ్‌తో మూసేస్తారు. నీళ్లు గడ్డకడితే ఈ ప్లగ్ ఊడిపోయి బ్లాక్‌ను కాపాడుతుందని చాలామంది నమ్ముతారు, ఫ్రీజ్ ప్లగ్ అని కూడా అంటారు. మంచు అయ్యేటప్పుడు నీరు సుమారు 9 శాతం పెరుగుతుందన్నది నిజమే. ఒక్కోసారి ప్లగ్ బయటికి తోసుకు రావడమూ నిజమే. కానీ ప్లగ్ పెట్టింది అందుకు కాదు, దాన్ని నమ్ముకుని కూలెంట్ పోయకుండా ఉంటే ప్లగ్ నిలిచి బ్లాకే పగలొచ్చు.

ఇంజిన్ విప్పినప్పుడు వీటిని తప్పకుండా మార్చాలని నేను ఎందుకంటానో చెప్పడానికి నా బ్లాక్ నుంచి తీసిన ఒక ప్లగ్ చాలు. బయటివైపు పెయింట్ చెక్కుచెదరలేదు. లోపలివైపు తిప్పి చూస్తే తుప్పు పొలుసులు పొలుసులుగా లేచి ఉంది. గోటితో గీకితే ఊడి వచ్చింది. టార్చ్ వెనక పెట్టి చూస్తే అంచు మలుపు దగ్గర సూది మొనంత వెలుతురు చుక్క. ఇంకా కారలేదంటే ఆ చుక్కను తుప్పే మూసి ఉంచింది. ఉక్కు ప్లగ్‌లు ఇలా లోపల్నుంచే పోతాయి. కూలెంట్‌లో తుప్పు పట్టనివ్వని రసాయనాలు కాలంతో పాటు అయిపోతాయి, మధ్యలో ఎవరో వట్టి నీళ్లు పోస్తారు, ఇక అంతే. ఫ్లైవీల్ వెనక ఉన్న ప్లగ్ ఇలా చిల్లు పడితే గేర్‌బాక్స్ దించాలి. ఇప్పుడు చేతికి అందుతున్నప్పుడే మార్చకపోతే ఎలా?

పాతవి తీయడానికి ఈ కిట్ పనికిరాదు. కాగితంలో మాత్రం ‘పాత ప్లగ్‌ను లోపలికి కొట్టండి’ అని ఒక్క ముక్క రాసి వదిలేశారు. అలా నిటారుగా కొడితే ప్లగ్ వాటర్ జాకెట్‌లో, అంటే ఆ నీళ్లు తిరిగే ఖాళీలో పడిపోతుంది, దాన్ని మళ్లీ అదే కంత గుండా తీయడం నరకం. కొన్ని ఇంజిన్లలో ప్లగ్ వెనక కాస్త దూరంలోనే సిలిండర్ గోడ ఉంటుంది, బలంగా కొడితే దెబ్బ దానికి తగులుతుంది. మొద్దు పంచ్ తీసుకుని గిన్నె అడుగున ఒక అంచు దగ్గర పెట్టి కొట్టాలి. ఆ వైపు లోపలికి పోయి, ఎదురు వైపు బయటికి లేస్తుంది. ప్లగ్ అడ్డంగా తిరిగాక ప్లయర్‌తో పట్టి బోర్ (ప్లగ్ కూర్చునే కంత) అంచు మీద తన్నిపెట్టి లాగితే వచ్చేస్తుంది. పంచ్ బోర్ గోడకు తగలకుండా చూసుకోవాలి. అక్కడ పడిన గీతే రేపు కారే దారి.

ప్లగ్‌లు తీశాక బ్లాక్ లోపల కనిపించిందాని గురించి కూడా చెప్పాలి. చివరి సిలిండర్ చుట్టూ అడుగున ఎర్రటి మడ్డి గట్టిపడి ఉంది. వంచిన తీగతో గెలికి, నీటి జెట్ పెట్టి కడిగితే తప్ప వదల్లేదు. పాత ప్లగ్ బయటికి బాగుందని అలాగే ఉంచేసేవాళ్లు ఈ మడ్డిని ఎప్పటికీ చూడరు. బ్లాక్‌ను కాస్టిక్ తొట్టిలో ఉడికించి కడిగించేవాళ్లు ముందే అన్ని ప్లగ్‌లూ తీసి ఇస్తే లోపల దాకా శుభ్రమవుతుంది. అల్యూమినియం బ్లాక్ అయితే మాత్రం కాస్టిక్ జోలికి పోకూడదు, లోహాన్నే తినేస్తుంది.

ఇక కిట్‌లో మంచి భాగం, హ్యాండిల్, డిస్కులు. డిస్కులు లాత్ మీద శుభ్రంగా తిప్పినవి. ప్రతిదాని మీదా సైజు చెక్కి ఉంది. నేను కొలిచినవన్నీ ఆ అంకెకు సరిపోయాయి. కింది అంచు పదునుగా వదలకుండా గుండ్రంగా చేశారు, గిన్నె లోపలి మలుపులో చక్కగా కూర్చుంటుంది. గిన్నె గోడకూ డిస్కుకూ మధ్య చుట్టూ కాస్త ఖాళీ ఉంటుంది. అసలు ఈ టూల్ కొనేది ఆ ఖాళీ కోసమే.

మా తమ్ముడు బ్లాక్ పట్టుకోవడానికి వచ్చి, “అక్కా, మన సెట్‌లో 24 సాకెట్ దీన్లో దాదాపు సరిపోతోంది కదా, దీనికి మళ్లీ వేరే టూల్ ఎందుకు?” అన్నాడు.

అందరూ అడిగే ప్రశ్నే. గిన్నె ఆకారపు ప్లగ్‌ను మూసిన అడుగు లోపలికి, తెరిచిన నోరు బయటికి ఉండేట్టు పెడతాం. దాని గోడ నిటారుగా ఉండదు. నోటి వైపుకు వచ్చేకొద్దీ కొంచెం విచ్చుకుంటుంది. అన్నిటికన్నా పెద్ద వ్యాసం నోటి అంచు దగ్గరే. బోర్‌ను ఒత్తిపట్టి నీళ్లు ఆపేది ఆ అంచే. సుత్తి దెబ్బ ఆ అంచుకు తగిలితే అది లోపలికి ముడుచుకుంటుంది, ప్లగ్ బోర్‌లోకి హాయిగా దిగుతుంది, చూడ్డానికి బాగానే ఉంటుంది, వేడెక్కి ప్రెషర్ వచ్చాక కారుతుంది. సాకెట్ సరిగ్గా సరిపోవడమే ఇబ్బంది. గోడకు ఒరుసుకుంటూ పోయి, వంకరగా దెబ్బ పడితే అంచును సాగదీస్తుంది. దాని నోరు పలచటి రింగు కాబట్టి ఇత్తడి ప్లగ్ అడుగున గుండ్రటి నొక్కు కూడా పడుతుంది. ఒక ప్లగ్ చేతిలో పెట్టి, సాకెట్ ఒకసారి, డిస్కు ఒకసారి లోపల పెట్టి చూపించాను. “అయితే సాకెట్ కన్నా చిన్నది వాడితే?” అన్నాడు. మరీ చిన్నదైతే అడుగు మధ్యలో కుంగి గోడలు లోపలికి లాక్కుంటాయి. సైజుకు తగ్గ డిస్కు దొరక్కపోతే లాత్ మీద ఒక ముక్క తిప్పించుకోవడం మేలు. ఈ కిట్‌లో ఆ అవసరం నాకు రాలేదు.

వంగే జాయింట్ గురించి రెండు అభిప్రాయాలు ఉన్నాయి నాకు. ఇంజిన్ కారులోనే ఉండి, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ వెనక ప్లగ్ మార్చాలంటే ఏటవాలుగా కొట్టక తప్పదు. అప్పుడు ఇదే దిక్కు. టేబుల్ మీద విడిగా ఉన్న బ్లాక్‌కు మాత్రం దీన్ని తీసి పక్కన పెట్టాలి. జాయింట్ సగం దెబ్బ తానే తినేస్తుంది, డిస్కు ఎటు వంగిందో చేతికి తెలియదు. హ్యాండిల్‌ను నేరుగా డిస్కుకు బిగించే ఏర్పాటు ఉంది, అది వాడాను. చెయ్యి మీద సుత్తి పడకుండా రబ్బరు గొడుగు కూడా ఇచ్చారు. కిలో సుత్తితో కొట్టేవాళ్లకు అది అలంకారం కాదు.

ప్లగ్‌ల సెట్ దగ్గరికి వచ్చేసరికి మార్కులు కోయక తప్పడం లేదు. నా బ్లాక్‌లో పక్క బోర్లు శుభ్రం చేశాక 35.00 నుంచి 35.02 మి.మీ. మధ్య వచ్చాయి. సెట్‌లో చాలా ప్లగ్‌ల అంచు 35.20 దగ్గర ఉంది. ఆ 0.2 మి.మీ. బిగుతు నాకు సరిపోయింది. కానీ ఒకటి ఒక దిక్కున 35.22, దానికి అడ్డంగా కొలిస్తే 35.08 ఉంది. అంటే అది గుండ్రంగా లేదు. ఇంకొకదాని అంచు మీద, వేలు తిప్పితే తగిలేంత నొక్కు ఉంది. ఫొటోలు తీసి, మైక్రోమీటర్ రీడింగ్‌తో సహా అమ్మినవాళ్లకు పంపాను. “కొడితే అదే సర్దుకుంటుంది మేడమ్” అని జవాబు. ఇత్తడి మెత్తనిదే, కొంచెం సర్దుకుంటుంది, కాదనను. అయితే 35.08 ఉన్న వైపు బిగుతు సగం కన్నా ఎక్కువే తగ్గిపోయింది, అటు ఏం సర్దుకుంటుంది? రెండోసారి అడిగితే సమాధానమే లేదు. ఆ రెంటి బదులు ఇంజిన్ పార్ట్ నంబర్ చెప్పి విడిగా ప్లగ్‌లు తెప్పించుకున్నాను. అవి ఎటు కొలిచినా ఒకటే. మీరు కొంటే దయచేసి ప్రతి ప్లగ్‌నూ రెండు దిక్కులా కొలవండి. వెర్నియర్ లేకపోతే కనీసం అంచు చుట్టూ వేలు తిప్పి చూడండి.

ఇత్తడా, ఉక్కా, స్టెయిన్‌లెస్సా అన్న చర్చ ఎప్పుడూ ఉండేదే. ఇత్తడికి ఎర్ర తుప్పు రాదు, బోర్ ఆకారానికి కాస్త ఒదుగుతుంది. కానీ మెత్తన కాబట్టి వంకరగా కొడితే ముందు చెడేదీ అదే. స్టెయిన్‌లెస్ గట్టిది, బోర్ గరుకుగా ఉంటే ఒదగదు. కొత్త కూలెంట్ వేళకు మారుస్తూ ఉంటే పూత ఉన్న మామూలు ఉక్కు కూడా చాలా ఏళ్లు నిలుస్తుంది. అల్యూమినియం బ్లాక్ ఉన్నవాళ్లు ఇంకో లెక్క వేసుకోవాలి. 20 డిగ్రీల నుంచి 90 డిగ్రీలకు వేడెక్కితే 35 మి.మీ. అల్యూమినియం బోర్ ఉక్కు ప్లగ్ కన్నా సుమారు 0.03 మి.మీ. ఎక్కువ విచ్చుకుంటుంది. బిగుతు 0.2 ఉంటే అది లెక్కలోకి రాదు. అరకొర బిగుతుతో దిగిన ప్లగ్‌కు మాత్రం ఆ కాస్తే చాలు.

ప్లగ్‌ను ఫ్రీజర్‌లో పెట్టి సన్నబడ్డాక దించితే సులువని సలహా ఇచ్చేవాళ్లున్నారు. 40 డిగ్రీలు చల్లబరిస్తే 35 మి.మీ. ఇత్తడి తగ్గేది 0.03 మి.మీ. కూడా కాదు. బయటికి తీయగానే దాని మీద చెమ్మ పడుతుంది, ఆ చెమ్మ మీద సీలెంట్ పట్టదు. నేను దాని జోలికి పోలేదు.

సిలికాన్ ట్యూబ్ నేరుగా చెత్తబుట్టలోకి. ఇంత బిగుతుగా దిగే ప్లగ్‌కు మందపాటి సిలికాన్ అక్కర్లేదు. అది దిగేటప్పుడు జారుడు పదార్థంలా పనిచేసి ప్లగ్‌ను వంకర పోనిస్తుంది. లోపలికి తోసుకుపోయిన ముద్ద గట్టిపడి విడిపోతే కూలెంట్‌తో పాటు తిరిగి రేడియేటర్ సన్న గొట్టాల్లోనో థర్మోస్టాట్ దగ్గరో చిక్కుకుంటుంది. బ్రష్‌తో పూసే పర్మటెక్స్ ఏవియేషన్ నంబర్ 3 లాంటిది వాడాను. గోధుమరంగు ద్రవం, పూర్తిగా గట్టిపడకుండా జిగటగానే ఉంటుంది, చేతికి అంటితే ఓ పట్టాన వదలదు. ఒక్క బోర్‌లో మాత్రం తుప్పు తిన్న చిన్న చిన్న గుంటలు ఉన్నాయి. అక్కడ లోక్‌టైట్ 620 పెట్టాను. ఇది గాలి అందకుండా లోహాల మధ్య చిక్కుకుంటేనే గట్టిపడే రకం, 230 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. సందులో ఉన్నది గట్టిపడుతుంది, జాకెట్‌లోకి పోయింది ద్రవంగానే ఉండి కడుక్కుపోతుంది. స్టెయిన్‌లెస్ ప్లగ్‌తో వాడేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి, ఆ లోహం మీద ఇది చాలా నెమ్మదిగా గట్టిపడుతుంది, త్వరగా గట్టిపడేలా చేసే యాక్టివేటర్ కొట్టుకోవడం మంచిది. ఇత్తడికీ పోత ఇనుముకీ ఆ బాధ లేదు.

ఏ సీలెంట్ పూసినా ముందు బోర్ శుభ్రంగా ఉండాలి. సన్న ఎమరీ పేపర్‌ను వేలికి చుట్టి, బోర్ చుట్టూ తిప్పుతూ రుద్దాలి. ముందుకూ వెనక్కూ రుద్దితే నీళ్లు కారే దిశలోనే గీతలు పడతాయి. చాంఫర్ (బోర్ నోటి దగ్గర ఏటవాలుగా కోసిన అంచు) మీద లేచిన ముళ్లు తీసేయాలి. తర్వాత బ్రేక్ క్లీనర్ కొట్టి, తెల్లగుడ్డ మీద మరక పడనంత వరకూ తుడవాలి. మొత్తం పనిలో ఎక్కువ సమయం పట్టింది దీనికే. దిగ్గొట్టడం దాని ముందు ఎంతసేపు?

దిగ్గొట్టడం ఇలా సాగింది. బ్లాక్‌ను బోర్ పైకి వచ్చేట్టు చెక్క దిమ్మల మీద పడుకోబెట్టాం. బోర్‌కు పలచగా ఒక పూత, ప్లగ్ గోడకు ఒక పూత. ప్లగ్ అడుగు భాగం చాంఫర్‌లో తనంతట తాను కూర్చుంది. డిస్కు పెట్టి చిన్న దెబ్బలు వేస్తే టంగ్ టంగ్‌మని బోలు మోత వచ్చింది. కాస్త పట్టుకోగానే ఆపి, వెర్నియర్ వెనక తోకతో నాలుగు వైపులా లోతు చూశాను. ఒక వైపు పైకి ఉంటే, డిస్కును ఆ వైపుకు జరిపి అక్కడే మెల్లగా కొట్టాలి. ఈ దశలో సరిచేయొచ్చు, సగం దిగాక సరిచేయలేం. నిటారు అయ్యాక దెబ్బ పెంచాను. బోర్ అంచు దగ్గర సీలెంట్ సన్నటి గోధుమరంగు వలయంలా బయటికి వచ్చి ఆగింది. దిగేకొద్దీ మోత బోలుతనం పోయి మొద్దుబారింది. ప్లగ్ నోటి అంచు చాంఫర్ దాటి ఒకటి రెండు మిల్లీమీటర్లు కిందికి పోయాక ఆపేశాను.

కిట్ కాగితం ఇక్కడ తప్పు చెబుతోంది. ‘బ్లాక్ ఉపరితలానికి సమంగా వచ్చేవరకు’ అని రాశారు. సమంగా ఆపితే, నీళ్లు ఆపాల్సిన ఆ పెద్ద అంచు చాంఫర్ వాలులోనే ఉండిపోతుంది, దేన్నీ ఒత్తదు. పైగా బ్లాక్ పక్క భాగం మెషీన్ చేయని గరుకు పోత, ఒక్కో చోట ఒక్కో ఎత్తు. దేనితో సమం చేస్తాం? లోతును ఎప్పుడూ చాంఫర్ కింది గీత నుంచే చూసుకోవాలి.

ఇంకో పొరపాటు కూడా ఉంది కాగితంలో. క్యామ్‌షాఫ్ట్ చివర ఉండే ఉబ్బెత్తు బిళ్ల ప్లగ్‌కు కూడా ఇదే డిస్కు, ఇదే పద్ధతి అన్నట్టు బొమ్మ వేశారు. అది వేరే జాతి. ఉబ్బు బయటికి ఉండేలా గట్టు మీద ఆనించి, మధ్యలో మొద్దు డ్రిఫ్ట్‌తో ఒక దెబ్బ వేస్తే ఉబ్బు అణిగి బిళ్ల పక్కలకు విచ్చుకుని పట్టుకుంటుంది. మరీ కొట్టి లోపలికి సొట్ట చేస్తే మళ్లీ వదులవుతుంది. గిన్నె ప్లగ్ పద్ధతిలో చేస్తే అది అసలు పట్టదు.

ఆయిల్ గ్యాలరీ ప్లగ్‌ల (బ్లాక్ లోపలి నూనె దారుల్ని మూసేవి) గురించి కిట్‌లో ఒక్క అక్షరం లేదు, వాటికి తగిన డిస్కూ లేదు. నిజానికి భయపడాల్సింది వాటి గురించే. నీళ్ల ప్లగ్ కారితే బొట్టు కనిపిస్తుంది. టైమింగ్ కవర్ వెనక ఉన్న ఆయిల్ గ్యాలరీ ప్లగ్ వేయడం మరిచి కవర్ బిగించేస్తే బయటికి ఏమీ కనబడదు, నూనె ఆ కంత గుండా సంప్‌లోకి, అంటే ఇంజిన్ అడుగున ఉన్న నూనె తొట్టిలోకి పోతూ ఉంటుంది, ప్రెషర్ లేచిరాదు, బేరింగులు పోతాయి. విప్పేటప్పుడే ప్రతి కంతకూ గుర్తు పెట్టి ఫొటో తీసి ఉంచుకోవాలి. మర ఉన్న ప్లగ్‌లకు టెఫ్లాన్ టేపు చుట్టవద్దు, దాని పోగు తెగి నూనె దారిలో పడితే అంతే. ద్రవ రూపంలో ఉండే థ్రెడ్ సీలెంట్ వాడాలి. పాత ప్లగ్ కన్నా పొడుగైనది పెడితే లోపల అడ్డంగా వెళ్లే నూనె దారిని మూసే ప్రమాదం ఉంది, కొత్తదాన్ని పాతదాని పక్కన పెట్టి చూడండి.

స్టాండ్ మీద ఇంజిన్ కట్టేవాళ్లకు ఒక మాట. స్టాండ్ బిగించేది బ్లాక్ వెనక ముఖానికి, అంటే ఆ వైపు ప్లగ్‌లు స్టాండ్ చేతుల వెనక దాక్కుంటాయి. వాటిని ముందే దిగ్గొట్టి, తర్వాత స్టాండ్‌కు ఎక్కించడం సుఖం.

హెడ్ బిగించాక నీళ్లు నింపి, గొట్టాల మూతులు మూసి, చేతిపంపు టెస్టర్‌తో 1 బార్ దాకా ఎక్కించాను. చాలా కార్ల రేడియేటర్ మూత తెరుచుకునే ప్రెషర్ దాదాపు అంతే. రాత్రంతా వదిలేసి, పొద్దున ప్రతి ప్లగ్ కిందా టిష్యూ పేపర్ అద్ది చూశాను. అన్నీ పొడిగానే ఉన్నాయి, గుంటలున్న ఆ బోర్‌తో సహా. ఇంజిన్ కారులోకి వెళ్లి బాగా వేడెక్కి చల్లారాక మళ్లీ చూశాను, అప్పుడూ చెమ్మ లేదు.

కాబట్టి అయిదుకు ఎన్ని అంటే, హ్యాండిల్, డిస్కులకు అయిదూ ఇస్తాను. ప్లగ్‌లకు రెండున్నర, అదీ కొలిచి ఏరుకునే ఓపిక ఉంటేనే. కాగితానికి సున్నా. ప్లగ్‌లు లేకుండా టూల్ ఒక్కటే దొరికితే అదే తీసుకోండి, ప్లగ్‌లు మీ ఇంజిన్ పార్ట్ నంబర్‌తో విడిగా కొనండి. జీవితంలో ఒక్క ఇంజిన్ మాత్రమే విప్పేవాళ్లు కొనక్కర్లేదు, తెలిసినవాళ్లను అడిగి తెచ్చుకుంటే సరిపోతుంది. అడిగితే నాది ఇస్తాను, తిరిగి ఇచ్చేటప్పుడు డిస్కులకు నూనె గుడ్డ పెట్టి ఇవ్వండి. ఆ నల్ల పూత నామమాత్రం, బ్రేక్ క్లీనర్ తగిలి నూనె పోయిందంటే మర్నాటికల్లా ఎర్రబడుతున్నాయి.